గంజాయి నేరము కానిచోట రక్షకభటుని పని

ఒక పనిని చట్టము నిన్నటివరకు నేరమని చెప్పి, నేటినుండి నేరము కాదనినచో రక్షకభటునికి ఆ మేరకు శ్రమ తగ్గునని మన మెల్లరము తలంతుము. పట్టుకొనవలసినవారు తగ్గుదురు, కారాగారములు కొంత ఖాళీ యగును, న్యాయస్థానములకు ఊపిరి తిరుగును. లెక్క తేలికగానే తోచును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో అను రాష్ట్రము గంజాయి విషయమున ఈ లెక్కను నిజముగా వేసి చూచినది. వేసి పది సంవత్సరములు దాటినది. ఫలితము మాత్రము అనుకొన్నట్లు రాలేదు. పని తగ్గిన మాట నిజమే. కాని తగ్గినది సులభమైన పని. దాని స్థానమున వచ్చి కూర్చున్నది కష్టమైన పని.

గంజాయికి అనుమతి ఈయవచ్చునా, ఈయరాదా అను వాదములోనికి మేము దిగుట లేదు. ఆ వాదమునకు ఇరుప్రక్కల ఉద్దండులు ఉన్నారు. వారి కంఠములు మా ప్రసారయంత్రములకన్న గట్టివి. మాకు ఆసక్తి కలిగించినది అంతకన్న చిన్న ప్రశ్న. అనుమతి ఇచ్చిన మరునాటి ఉదయమున వీధిలో నిలబడిన రక్షకభటుడు ఏమి చేయవలెను?

ముందుగా కథ కొంత చెప్పవలెను. కొలరాడో రాకీ పర్వతముల ఒడిలోని రాష్ట్రము. రాజధాని డెన్వర్ నగరము. అచ్చట వైద్యుని సలహాపై గంజాయిని వాడుకొనుటకు 2000 సంవత్సరముననే ప్రజలు ఓటు వేసి అనుమతించిరి. పిమ్మట 2012 నవంబరు 6వ తేదీన రాష్ట్ర రాజ్యాంగమునకు 64వ సవరణ అనుదానిని నూటికి సుమారు 55 మంది ఓటర్లు ఆమోదించిరి. రోగముతో పని లేకుండ, 21 సంవత్సరములు నిండిన ఎవరైనను గంజాయిని కొని వాడుకొనవచ్చునని దాని సారాంశము. ఆ దినముననే వాషింగ్టన్ రాష్ట్ర ప్రజలును ఇట్టి తీర్పునే ఇచ్చిరి. కొలరాడోలో అంగళ్ళు 2014 జనవరి 1వ తేదీన తెరచిరి. చలిలో జనము వరుసలు కట్టి నిలువబడిరి.

ఇచ్చిన అనుమతికి కంచెయు కట్టిరి. 2021వరకు ఒక మనిషి తనయొద్ద ఒక ఔన్సు, అనగా సుమారు 28 గ్రాములు మాత్రమే ఉంచుకొనవలసియుండెను. ఇంటిలో ఆరు మొక్కలు పెంచుకొనవచ్చును. వానిలో మూడు మాత్రమే పూతకు రావచ్చును. నలుగురు తిరుగుచోట త్రాగరాదు. అనుమతిపత్రము లేనిదే అమ్మరాదు. రాష్ట్రపు ఎల్లలు దాటించరాదు. మత్తులో వాహనము నడపరాదు. ఏ పట్టణమైనను తనకు అంగళ్ళు వలదన్నచో నిషేధించుకొనవచ్చును. కొలరాడో స్ప్రింగ్స్ అను పెద్ద నగరము 2024లో ఓటర్లు ఒప్పుకొనువరకు అట్లే నిషేధించియుండెను.

ఈ కంచెలోనే చిక్కంతయు ఉన్నది. పూర్వము గంజాయి ఉండుటయే నేరము. ఉన్నదా, లేదా అను ఒక్క ప్రశ్నకు సమాధానము దొరికినచో రక్షకభటుని పని సగము ముగిసెడిది. ఆ సమాధానమును ఆతని ముక్కే చెప్పెడిది. బండి కిటికీ దింపగానే ఘాటైన వాసన వచ్చినచో సోదాకు అదియే చాలిన ఆధారము. ఇప్పుడు అదే వాసన ఏమి చెప్పుచున్నది? బండిలో ఒక ఔన్సు ఉన్నదా, పది ఔన్సులు ఉన్నవా? కూర్చున్నవాని వయస్సు ఇరువది ఒకటా, ఇరువదియా? ఆతడు నిన్న త్రాగెనా, ఇప్పుడే త్రాగెనా? ఉనికియే నేరమైనంత కాలము ముక్కు చాలెను. హద్దు దాటుట నేరమైన పిమ్మట కొలత కావలెను. ఆ కొలబద్ద ఇంకను సరిగా తయారు కాలేదు.

ముక్కు మాట వచ్చినది గనుక కిలో అను కుక్క కథ చెప్పెదము. కొలరాడో వాయవ్యమూల క్రెయిగ్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట 2015లో, మునుపు మాదకద్రవ్యములు పట్టుబడిన ఒక యింటివద్ద కొంతసేపు నిలిచి వచ్చిన ట్రక్కును పోలీసులు ఆపి, కిలోను పిలిపించిరి. కుక్క వాసన చూచి సంజ్ఞ చేసినది. లోపల వెదుకగా మెథాంఫిటమిన్ అను మాదకద్రవ్యపు మడ్డి అంటిన గొట్టము దొరికినది. దానిని వాడుట అప్పుడును, ఇప్పుడును నేరమే. నడపువానికి శిక్ష పడెను. ఇంతవరకు వింత లేదు. కాని కిలోకు ఐదు పదార్థముల వాసన నేర్పియుండిరి. అందులో గంజాయి ఒకటి. ఐదింటిలో దేనిని పసిగట్టినను అది చేయు సంజ్ఞ ఒక్కటే. కుక్క చెప్పినది నేరమైన నాలుగింటిలో ఒకటా, నేరము కాని ఐదవదా అని ఎవరును చెప్పలేరు.

ఈ వివాదము రాష్ట్ర సుప్రీంకోర్టువరకు పోయెను. 2019 మే నెలలో న్యాయమూర్తులు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు నిలిచి తీర్పు చెప్పిరి. పెద్దవారు గంజాయి కలిగియుండుట రాష్ట్ర చట్టము ప్రకారము తప్పు కానప్పుడు, దానిని కనిపెట్టగల కుక్కచేత వాసన చూపించుటయే ఒక సోదా యగును. అట్టి సోదాకు ముందే వేరు ఆధారము ఉండవలెను. లేనందున శిక్ష చెల్లదు అనిరి. అంతకు మూడేండ్ల ముందు, 2016లో, అదే న్యాయస్థానము మరియొక తీర్పునందు గంజాయి వాసన ఇతర అనుమానములతో కలిసినచో ఇంకను లెక్కకు వచ్చునని చెప్పియుండెను. కనుక వాసనకు విలువ పూర్తిగా పోలేదు. ఒంటరి సాక్షిగా నిలుచు శక్తి పోయినది. అర్ధరాత్రి రోడ్డుప్రక్కన టార్చిలైటు పట్టుకొని నిలుచున్న యువ రక్షకభటుడు ఈ సూక్ష్మభేదమును క్షణములో నిర్ణయించుకొనవలెను. న్యాయమూర్తులకే ఏకాభిప్రాయము కుదరలేదని మరువరాదు.

కుక్కల సంగతి ఏమాయెనని శ్రోతలు అడుగవచ్చును. ఒకసారి నేర్పిన వాసనను కుక్కచేత మరపించుట శిక్షకులకు సాధ్యమగు పని కాదు. అందుచే పలు పట్టణములవారు పాత కుక్కలకు విశ్రాంతి ఇచ్చి, గంజాయి తప్ప మిగిలినవి మాత్రమే నేర్చిన క్రొత్త కుక్కలను వేల డాలర్లు వెచ్చించి తెచ్చుకొనిరి. చట్టము మారినదని మనుష్యులకు సుత్తి కొట్టినట్లు చెప్పవచ్చును. కుక్కకు ఎట్లు చెప్పుదుము?

ఇక రోడ్డు. మా దృష్టిలో అన్నిటికన్న బరువైన సమస్య ఇదియే. ఏలయన ఇచ్చట పోవునవి ప్రాణములు. మద్యము త్రాగి బండి నడిపినవాని విషయమున రక్షకభటునిచేత నమ్మదగిన పరికరము ఒకటి ఉన్నది. గొట్టములోనికి ఊదుమనును, అంకె కనిపించును. అమెరికాలో చాలవరకు 0.08 శాతము దాటినచో నేరము. మద్యము నీటిలో కలియు పదార్థము. రక్తములో ఎంత ఉన్నదో ఊపిరిలోను దానికి తగినట్లు ఉండును. మెదడుపై దాని ప్రభావమును ఇంచుమించుగా ఆ అంకెతోనే పెరిగి తరుగును. డెబ్బది, ఎనుబది ఏండ్ల పరిశోధన ఆ అంకెకు వెనుక ఉన్నది.

గంజాయిలో మత్తు కలిగించు ముఖ్యపదార్థమును టి.హెచ్.సి. అందురు. ఇది నీటిలో కాక క్రొవ్వులో కరగును. త్రాగిన కొలది నిమిషములలో రక్తమున దాని మోతాదు శిఖరమున కెక్కి, పిమ్మట వేగముగా పడిపోవును. గంట, గంటన్నరలోనే చాలవరకు తగ్గిపోవును. కాని మత్తు అంత వేగముగా దిగదు. ఇది ఒక వైపు. నిత్యము వాడువాని శరీరమున టి.హెచ్.సి. క్రొవ్వులో నిలువ చేరి, కొంచెము కొంచెముగా రక్తములోనికి ఊరుచుండును. అట్టివాడు కొన్ని దినములుగా ముట్టకపోయినను రక్తపరీక్షలో జాడ కనిపింపవచ్చును. ఇది రెండవ వైపు. తినుబండారములలో కలిపి తిన్నచో మూడవ వైపు: రక్తములో అంకె తక్కువగా ఉండును, మత్తు అరగంట మొదలు రెండు గంటలు ఆలస్యముగా వచ్చి చాలసేపు నిలుచును. ఇందు ఏ అంకెను గీతగా గీయుదుము?

కొలరాడో శాసనసభ 2013లో ఒక గీత గీచినది: ఒక మిల్లీలీటరు రక్తములో 5 నానోగ్రాముల టి.హెచ్.సి. నానోగ్రామనగా గ్రామును నూరుకోట్ల భాగములు చేసిన అందులో ఒక భాగము. వాషింగ్టన్ రాష్ట్రము అదే అంకెను తీసికొని, అది దాటినచో వేరు విచారణ లేకుండ నేరమే యన్నది. కొలరాడో కొంచెము జంకినది. అంకె దాటినచో ముద్దాయి మత్తులో ఉండెనని జూరీ ఊహింపవచ్చును, ఊహింపకయు ఉండవచ్చును. ముద్దాయి తాను బాగుగనే ఉంటినని వాదించుకొనవచ్చును. ఈ జంకులో వివేకము ఉన్నదని మా అభిప్రాయము. 2016లో అమెరికా వాహనదారుల సంఘపు పరిశోధనాసంస్థ వేలకొలది కేసులను పరిశీలించి, ఇట్టి రక్తపు అంకెలకు శాస్త్రీయమైన ఆధారము లేదని ప్రకటించినది. అంకెకు దిగువ ఉన్నవారిలో తూలిపోవువారును, పైన ఉన్నవారిలో స్థిరముగా నిలుచువారును కనిపించిరి.

పైగా ఆ రక్తమైనను చేతికి ఎప్పుడు వచ్చును? రక్షకభటుడు బండిని ఆపవలెను, అనుమానమునకు కారణము చూపవలెను, నడపువానిని ఆసుపత్రికో ఠాణాకో కొనిపోవలెను, సూది గ్రుచ్చుటకు తగినవారు దొరకవలెను. వాహనము నడిపిన రెండు గంటలలోపల రక్తము తీయవలెనని అచ్చటి నియమము. కొండదారులలో, మైళ్ళకొలది ఊరు లేని బీళ్ళలో రెండు గంటలనగా ఏపాటి? ఆ లోపలనే సాక్ష్యము కరగిపోవుచుండును. రేడియోలో పనిచేయువారమగుటచే ముప్పది క్షణములు ఆలస్యమైనచో కార్యక్రమము ఎట్లు చెడునో మాకు తెలియును. ఇచ్చట ముప్పది నిమిషములలో నేరమే మాయమగుచున్నది.

అందుచేత యంత్రము విడిచి మరల మనిషి కంటినే ఆశ్రయించవలసి వచ్చినది. మాదకద్రవ్యముల ప్రభావమును గుర్తించుటకు ప్రత్యేకశిక్షణ పొందిన పోలీసులు కలరు. ఈ పద్ధతి 1970 ప్రాంతములలో లాస్ ఏంజెలిస్ నగర పోలీసుశాఖలో పుట్టినది. పండ్రెండు మెట్ల పరీక్ష అది: నాడి చూతురు, రక్తపుపోటు కొలుతురు, చీకటిలోను వెలుతురులోను కనుపాప ఎంత విచ్చునో చూతురు, గీతపై నడిపింతురు, ఒంటికాలిపై నిలువబెట్టుదురు, కన్నులు మూసికొని ముక్కుకొన తాకుమందురు. ఓపికతో చేసినచో దీనివలన తెలియునది కొంత కలదు. కాని ఒంటికాలిపై నిలుచుట అలసిన ముదుసలికిని కష్టమే, భయపడిన పిల్లవానికిని కష్టమే. అట్టి శిక్షణ కలవారు ప్రతి చిన్నపట్టణమున ప్రతి రాత్రి సిద్ధముగా ఉండరు.

2018 అక్టోబరు 17వ తేదీన దేశమంతట గంజాయిని అనుమతించిన కెనడా వారు ఉమ్మి పరీక్షకు ఒక జర్మనీ యంత్రమును ముందుగానే ఆమోదించియుంచిరి. ఆ యంత్రము 4 డిగ్రీల సెల్సియసు మొదలు 40 డిగ్రీలవరకు మాత్రమే పనిచేయునట్లు చేయబడినది. కెనడా శీతకాలపు రాత్రిని ఎరిగినవారు నవ్వకుండ ఉండలేకపోయిరి. అది సరిగా పనిచేసినను టి.హెచ్.సి. ఉన్నదని మాత్రమే చెప్పును. మనిషి మత్తులో ఉన్నాడని చెప్పదు.

కొలత లేకపోవుటవలన మరియొక హాని కలిగినది. గంజాయివలన ప్రమాదములు పెరిగినవా అను ప్రశ్నకు తిన్నని సమాధానము చెప్పుట కష్టమైనది. ప్రమాదమున మృతిచెందిన వాహనచోదకుల రక్తమున గంజాయి జాడ కనిపించిన కేసులు పెరిగినవని ఒక పక్షము అంకెలు చూపును. ఆ అంకెలలో మత్తు లేని పాత అవశేషము మాత్రమే కలవారును చేరిరని, పూర్వముకన్న పరీక్షలును ఎక్కువ చేయుచుండిరని రెండవ పక్షము చెప్పును. రెండు మాటలును నిజమే. తండ్రినో కుమార్తెనో పోగొట్టుకొన్న కుటుంబమునకు ఈ తర్కము ఏమి ఓదార్పు నిచ్చును?

రోడ్డు విడిచి ఇండ్లలోనికి పోదము. అనుమతిపత్రము గల అంగడి విషయమున కొలరాడో ప్రభుత్వము గొప్ప జాగ్రత్త తీసికొన్నది. రెవెన్యూశాఖ క్రింద ఒక ప్రత్యేక విభాగము పెట్టి, ప్రతి మొక్కకు రేడియో తరంగములతో చదువదగు చీటీ ఒకటి కట్టించినది. నారు మొదలు అమ్మకమువరకు మొక్క ఎక్కడ ఉన్నదో లెక్క దొరకును. మా రేడియోకు చుట్టమైన విద్య గనుక ఇది మాకు ముచ్చటగనే ఉన్నది. అయితే ఇంటిలో పెంచు మొక్కకు చీటీ లేదు. వైద్యుని సలహాపై పెంచువారికి ఒక దశలో 99 మొక్కలవరకు అవకాశముండెను. దీనిని అదనుగా తీసికొని కొందరు ఊరిబయట ఇండ్లు అద్దెకు పట్టి, కిటికీలు మూసి, గదిగదికి దీపములు వ్రేలాడదీసి, గోడలకు బూజు పట్టునంతగా తోటలు పెంచిరి. పంటను నిషేధమున్న రాష్ట్రములకు పంపినచో వచ్చు లాభము వేరు.

షెరీఫు, అనగా కౌంటీ అను జిల్లావంటి ప్రాంతమునకు ప్రజలెన్నుకొన్న పోలీసు అధికారి, అట్టి యింటి తలుపు తట్టినచో లోపలివారు కాగితములు చూపుదురు. ఈ మొక్కలు ఈ రోగివి, ఆ మొక్కలు ఆ రోగివి అందురు. ఏ మొక్క ఎవరిదో మొక్క ముఖమున వ్రాసియుండదు. 2017లో శాసనసభ ఒక్క యింటికి 12 మొక్కలకు మించరాదని హద్దు పెట్టి, 2018 జనవరినుండి అమలుపరచినది. చీకటి వ్యాపారమును వెదకుటకై చిన్నపట్టణముల పోలీసులకు కొంత ధనసహాయమును ఏర్పాటు చేసినది. చీటీ కట్టిన అంగడిపై వేయి కన్నులు, కిటికీ మూసిన యింటిపై ఒక్క కన్ను అను వింత ఏర్పడినదని మాత్రము చెప్పక తప్పదు.

ఒక్కొక్కప్పుడు రక్షకభటుడు తోటమాలి కూడ కావలసి వచ్చెను. 2000 నాటి వైద్యగంజాయి సవరణలో, పోలీసులు పట్టుకొన్న మొక్కలను పాడుచేయరాదు, అశ్రద్ధ చేయరాదు, రోగి నిర్దోషి యని తేలినచో తిరిగి ఈయవలెను అని ఉండెను. విచారణ నెలలకొలది సాగును. మొక్కకు నీరెవరు పోయుదురు? పైగా మొక్కను తిరిగి ఇచ్చుటయనగా గంజాయిని ఒకరి చేతికి అందించుట. అది కేంద్ర చట్టము ప్రకారము నేరము. ఇచ్చినచో ఢిల్లీవంటి వాషింగ్టన్ నగరమునకు దోషి, ఈయనిచో డెన్వరునకు దోషి. 2017 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు కేంద్ర చట్టమే మిన్న యని, తిరిగి ఈయనక్కరలేదని తేల్చినది. అప్పుడును నలుగురు ముగ్గురే.

ఈ రెండు ప్రభుత్వముల చిక్కును కొంచెము విప్పవలెను. అమెరికా కేంద్ర ప్రభుత్వము 1970 చట్టము ద్వారా గంజాయిని హెరాయిన్‌తోబాటు అతికఠినమైన మొదటి పట్టికలో చేర్చినది. రాష్ట్రప్రజలు ఓటు వేసినంతమాత్రమున ఆ పట్టిక మారలేదు. 2013 ఆగస్టులో కేంద్ర న్యాయశాఖ, రాష్ట్రములు గట్టి కట్టుబాట్లు చేసికొన్నచో తాము జోక్యము చేసికొనుట తగ్గింతుమని ఒక ఉత్తరువు పంపినది. 2018 జనవరిలో మరియొక మంత్రి దానిని రద్దుచేసెను. గంజాయిని మూడవ పట్టికకు దింపవచ్చునను ప్రతిపాదన 2024లో వెలువడెను. కొలరాడో భూమిలో మూడవవంతుకు పైగా కేంద్రమునకు చెందిన అడవులు, ఉద్యానములు మొదలగునవి. ఊరిలో తప్పు కాని చీటీపొట్లము అడవి గేటు దాటగానే నేరమగును.

బ్యాంకులు కేంద్రమునకు జవాబుదారులు గనుక గంజాయి సొమ్మును తాకుటకు జంకినవి. 2014 ఫిబ్రవరిలో కేంద్ర ధనశాఖ కొన్ని షరతులతో దారి చూపినను పలువురు ఒప్పుకొనలేదు. వ్యాపారులు జీతములు, పన్నులు సైతము నోట్లకట్టలతో చెల్లించిరి. నోట్లకట్టలు ఉన్నచోటికి దొంగ రాక మానడు. 2016 జూన్‌లో డెన్వరు ప్రక్కనున్న అరోరా నగరమున ఒక గంజాయి అంగడికి కావలియున్న యువకుని దోపిడీకి వచ్చినవారు కాల్చిచంపిరి. ఆతడు సైన్యములో పనిచేసి వచ్చినవాడు.

పొరుగు రాష్ట్రముల గోడు వేరు. నెబ్రాస్కా, ఓక్లహోమా రాష్ట్రములు 2014 డిసెంబరులో కొలరాడోపై తిన్నగా దేశపు సుప్రీంకోర్టులోనే దావా వేసినవి. మీరిచ్చిన అనుమతివలన మా రోడ్లపై సరకు పొంగుచున్నది, మా పోలీసుల జీతములు, మా జైళ్ళ ఖర్చులు మేము మోయుచున్నాము అని వారి మొర. 2016 మార్చిలో న్యాయస్థానము ఆ దావాను స్వీకరించుటకు నిరాకరించినది. ఎల్లకు ఆనుకొన్న నెబ్రాస్కా కౌంటీలు చాల చిన్నవి, జనసంఖ్య వేలలోనే. పన్ను కొలరాడో ఖజానాకు, ఖర్చు ఎల్ల ఆవలి చిన్న ఠాణాకు చేరినది.

ఇంతలో మరియొక మొక్క వచ్చి గందరగోళమును రెట్టించినది. మరియొకటి యనుట కూడ తప్పు, అదే మొక్క. నారకొరకు, గింజకొరకు, నూనెకొరకు పెంచు మత్తు లేని గంజాయి రకమును హెంప్ అందురు. మన గోగునారకు, జనుమునకు దీనితో చుట్టరికము లేదు. 2018 నాటి కేంద్ర వ్యవసాయ చట్టము, టి.హెచ్.సి. 0.3 శాతము మించని మొక్కను మాదకద్రవ్యముల పట్టికనుండి తొలగించినది. ఆకు ఒకటే, పువ్వు ఒకటే, వాసన ఒకటే. 2019 జనవరిలో ఆరెగాన్ నుండి కొలరాడోకు హెంప్ తీసికొనిపోవుచున్న లారీని ఐడహో పోలీసులు ఆపి, సుమారు 6,700 పౌండ్ల సరకును పట్టుకొని, తామొక గొప్ప గంజాయి వేట చేసితిమని తలంచిరి. లారీవాడు తాను దాచినదేమియు లేదని, ఇది వ్యవసాయపు సరకని మొత్తుకొనెను. ఆతని మాట వినక జైలులో పెట్టిరి. అదే సంవత్సరము టెక్సాస్ రాష్ట్రము హెంపును అనుమతింపగా, పట్టుబడిన ఆకులో 0.3 శాతము దాటెనా లేదా యని కొలువగల పరీక్షాశాలలు చాలక, న్యాయవాదులు వందలకొలది గంజాయి కేసులను విడిచిపెట్టవలసి వచ్చినది. టెక్సాస్ గంజాయిని అనుమతించిన రాష్ట్రము కాదు సుమా! కొలత అవసరమైన క్షణమున నిషేధమున్నచోటను చిక్కు అదియే.

మన దేశమున ఈ అనుభవము బొత్తిగా లేనిది కాదు. 1893-94లో ప్రభుత్వము నియమించిన గంజాయి విచారణ సంఘము వెయ్యికి పైగా సాక్షులను విచారించి, పూర్తి నిషేధముకన్న లైసెన్సు, పన్నులే మేలని నివేదించెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము గంజాయి యనగా పూత, కాయ పట్టిన కొనలని నిర్వచించి, కొనలు లేని ఆకును, గింజను విడిచిపెట్టినది. ఉత్తరాదిని భంగు అంగళ్ళు నడచుట ఈ సందువలననే. మన న్యాయస్థానములలోను పట్టుబడిన మూటలో కొనలెంత, ఆకులు కాడలు ఎంత అను వాదము తరచు వచ్చును. ఇరువది కిలోలు దాటినచో వ్యాపారపు మోతాదు, శిక్ష మిక్కిలి కఠినము గనుక ఆ తూకము మనిషి జీవితమును నిర్ణయించును. విశాఖ మన్యమున 2021లో పోలీసులు వేలకొలది ఎకరముల గంజాయి తోటలు నరికించిరి. అచ్చట తోట ఉండుటయే నేరము, కత్తి చాలెను.

మన యిండ్లకు మరింత దగ్గరి సంబంధము ఒకటి ఉన్నది. కొలరాడోవంటి రాష్ట్రములలో మన తెలుగు పిల్లలు చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. అంగడి బాహాటముగా తెరచియున్నది, తోటివారు కొనుచున్నారు, పోలీసులు పలుకరింపరు. కాని వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వము ఇచ్చునది రాష్ట్రము కాదు, కేంద్రము. విదేశీయుడు తాను గంజాయి వాడితినని అధికారి యెదుట ఒప్పుకొన్నచో, ఏ న్యాయస్థానమును శిక్షింపకపోయినను, మరల ఆ దేశమున ప్రవేశించుటకు అది అడ్డు కాగలదు. 2019 ఏప్రిల్‌లో అచ్చటి పౌరసత్వశాఖ, రాష్ట్రచట్టము ఒప్పుకొన్న గంజాయి సంస్థలో ఉద్యోగము చేయుటయు పౌరసత్వమునకు కావలసిన సత్ప్రవర్తనకు భంగము కావచ్చునని స్పష్టముగా ప్రకటించినది. వీధిలో ఎవరును ఆపలేదు గదా యని ధైర్యపడిన పిల్లవాడు మూడేండ్ల పిమ్మట విమానాశ్రయపు కిటికీవద్ద చిక్కుకొనవచ్చును. పిల్లలకు ఉత్తరము వ్రాయునప్పుడు తల్లిదండ్రులు ఈ ఒక్క మాట వ్రాయుట మంచిదని మేము తలంచుచున్నాము.

ఇంత చెప్పి, జరిగిన మేలును చెప్పకున్నచో అన్యాయమగును. కొలరాడోలో గంజాయి అరెస్టులు 2012లో 13,225 ఉండగా 2019 నాటికి 4,290కి దిగినవి. ప్రతి అరెస్టును ఒక యువకుని ఉద్యోగమునకు, అద్దె యింటికి, చదువునకు తగులు మచ్చయే గనుక ఇది చిన్న విషయము కాదు. అయినను 2019లో కూడ జనసంఖ్యనుబట్టి చూచినచో నల్లజాతివారి అరెస్టులు తెల్లవారి వానికన్న రెట్టింపునకు పైగానే ఉండెను. కొలత లేనిచోట ఎవరిని ఆపవలెనను నిర్ణయము రక్షకభటుని మనస్సునకే విడువబడును. ఆ మనస్సునకు పాత అలవాటులు ఉండును.

పూర్వము శిక్ష పడినవారిలో పలువురి సంగతి 2020వరకు అట్లే ఉండిపోయెను. తమ వీధిచివర అంగడిలో అమ్ముచున్న వస్తువును ఒకనాడు జేబులో ఉంచుకొన్న నేరము వారి పేర వ్రాసియే ఉండెను. 2020 అక్టోబరు 1వ తేదీన గవర్నరు జారెడ్ పోలిస్, ఒక ఔన్సు లోపల గంజాయి కలిగియున్న నేరమునకు పడిన 2,732 శిక్షలను ఒక్క సంతకముతో మన్నించెను. ఆ మన్నింపు రాష్ట్ర న్యాయస్థానములు వేసిన శిక్షలకే. కేంద్ర చట్టము క్రింద శిక్ష పొందినవారిని మన్నించుటకు గవర్నరుకు అధికారము లేదు; వారి కాగితములు వాషింగ్టన్ నగరములోనే ఉండిపోయినవి.